కూర్చున్న అక్షరాలు

జూన్ 3

గుండూ,

అక్క రాస్తున్న ఉత్తరం. మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వూ బాగానే ఉండి ఉంటావు, ఎందుకంటే నువ్వు సెలవుకి వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి తేడా వచ్చిందంతా మా ఇంట్లోనే.

ఇది ఫోనులో చెప్పాల్సిన సంగతే. కానీ మనిద్దరం ఫోనెత్తితే రెండో నిమిషానికల్లా అరుపులు మొదలై పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారని, ఇకమీదట ఏదున్నా కాగితం మీదే చెప్పుకోవాలని ఒట్టు పెట్టుకున్నాం కదా. ఆ ఒట్టు తప్పితే నువ్వే తప్పాలి, నేను తప్పను.

సంగతేమిటంటే, నా అక్షరాలు చిన్నవైపోతున్నాయి. మొన్న మూలమీద టీ కొట్టు ఆయనకి బోర్డు రాశాను. పన్నెండు అడుగుల రేకు. ఇన్నాళ్ళూ ఎలా చేశానో అలాగే చేశాను, కొలతలో వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. తీరా రాసి నిలబెడితే అక్షరాలన్నీ రేకు మధ్యలో చలికి ముడుచుకున్నట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. చుట్టూ బోలెడంత ఖాళీ. టీ కొట్టు ఆయన మర్యాదస్తుడు. చాలాసేపు చూసి, "మిగతాది ఎప్పుడు రాస్తావమ్మా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఒక పక్క కప్పు, ఇంకో పక్క సాసరు, అదీ చాలక నాలుగు బిస్కెట్లు బొమ్మలు వేసి ఎలాగో నింపాను. ఇప్పుడు అందరూ వచ్చి బిస్కెట్లు అడుగుతున్నారట. ఆయన బిస్కెట్లు అమ్మడు.

కంప్యూటర్ కూడా అదోలా ఉంది. బాణం కుడివైపు అంచు దాకా వెళ్ళి మాయమైపోతోంది. మీ బావ గంటసేపు వెతికి, ఆఖరికి మూసిపెట్టబోతున్న ల్యాప్‌టాప్‌లో పట్టుకున్నారు. నువ్వు పంపిన పెద్ద మానిటర్‌లో ఉండాల్సిన బాణానికి ల్యాప్‌టాప్‌లో ఏం పని? నువ్వు వెళ్ళేముందు మానిటర్‌ని తడిగుడ్డతో తుడిచావు కదా, అందుకే ముడుచుకుపోయిందని మీ బావ వాదన. ఆయన టైలరు, ఏది చిన్నదైనా ఉతికితే ముడుచుకుందంటారు. నేను నమ్మలేదు.

అత్తెసరు వండుకు తినకు. ఒళ్ళు జాగ్రత్త.

నీ అక్క

జూన్ 9

అక్కకి,

తమ్ముడి నమస్కారాలు, బావకి కూడా చెప్పు. నువ్వు రాసిన ఉత్తరం భోజనాల వేళ ఆఫీసులోనే చదువుకున్నాను. బిస్కెట్ల దగ్గర గట్టిగా నవ్వితే నాలుగో అంతస్తు మొత్తం నావైపు తిరిగి చూసింది.

ముందు బాణం సంగతి. అది మాయం కావడం లేదు, పెద్ద తెర దాటి పక్క తెరలోకి నడుస్తోంది. రెండు తెరలూ కలిపి ఒకే బల్ల అనుకో. అలవాటైతే హాయిగా ఉంటుంది. బావని కంగారుపడొద్దను. తడిగుడ్డకి గాజు ముడుచుకోదు. ముడుచుకుంటే కళ్ళద్దాల షాపులన్నీ వానాకాలంలో మూసేసుకోవాలి.

ఇక అక్షరాలు చిన్నవి కావడం. అక్కా, కోపం తెచ్చుకోకు. నీకు నలభై ఐదు దాటాయి. ఆ వయసులో అందరికీ అక్షరాలు చిన్నవే అవుతాయి. మా ఆఫీసులో పెద్ద మేడమ్ కూడా ఇలాగే ప్రపంచమంతా చిన్నదైపోతోందని రోజూ నన్ను పిలిచేది, కళ్ళద్దాలు పెట్టుకున్నాక పిలవడం మానేసింది. ఒకసారి కళ్ళు చూపించుకో.

నా ఉద్యోగం మామూలే. ఎవరి స్క్రీన్ మసగ్గా ఉన్నా, సాగిపోయినా, తలకిందులైనా పిలుపు నాకే. దీంతో ఓ జబ్బు పట్టుకుంది. ఎక్కడైనా తెర సాగి ఉంటే, మనుషులు అడ్డంగా, బంతులు గుడ్డులా కనబడితే, నాకు పంటికింద రాయి పడ్డట్టుంటుంది. నిరుడు పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు వచ్చేలోపు అక్కడి టీవీ సరిచేసేశాను. రోగులంతా ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళు అడగలేదు, నేను ఆగలేకపోయాను.

కళ్ళ డాక్టరు ఏమన్నారో రాయి.

నీ తమ్ముడు

జూన్ 16

గుండూ,

చూపించుకున్నాను. కళ్ళద్దాలు ఇచ్చారు. నల్ల ఫ్రేము. మీ బావ నన్ను చూసి లేచి నిలబడ్డారు, ఎవరో తనిఖీకి వచ్చారనుకుని.

మొదటిరోజు నా ఆనందం చెప్పలేను. అద్దాలు పెట్టుకుని మానిటర్ చూస్తే అక్షరాలు మళ్ళీ ఎప్పటంత అయ్యాయి. అయితే తేడా వచ్చింది కళ్ళకే, చేతికి కాదు అని గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. ఆ ఊపులో సైకిల్ షాపు బోర్డు రాసేశాను. చాలా బాగా వచ్చింది. రోడ్డవతల నిలబడి అద్దాలు తీసి చూద్దును కదా, మళ్ళీ అంతే. బోర్డు మధ్యలో పిడికెడు అక్షరాలు. అద్దాలు పెడితే బాగుంది, తీస్తే లేదు. ఊళ్ళో అందరికీ నా కళ్ళద్దాలు తొడగలేను కదా?

ఈసారి నింపడానికి ఒక సైకిల్ వేశాను, ఖాళీ ఇంకా మిగిలితే దాని పక్కన పంపు వేశాను. అయినా మిగిలింది. దాంతో షాపు ఆయనని కూడా వేశాను. ఆయన మాత్రం సంతోషించాడు.

మా వీధి చివర ఫ్లెక్సీలు ముద్రించే అతను ఉన్నాడని చెప్పాను కదా. పొద్దున బోర్డు కింద నిలబడి తల అటూ ఇటూ వంచి చూసి, "వయసైపోతోంది కదండీ, రెస్టు తీసుకోండి" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి నవ్వలేదు.

కొత్త గ్రంథాలయం కడుతున్నారు. ఇరవై అడుగుల బోర్డు. కార్యదర్శి నా చేతే రాయించాలని పట్టుబట్టారు, కమిటీలో కొందరు ఫ్లెక్సీ చాలంటున్నారట. వచ్చే నెల ఇరవైలోపు నేను రాసిన నమూనా చూసి తేల్చుకుంటారు. ఇన్నేళ్ళలో అంత పెద్ద పని నాకు రాలేదురా. అది పోతే ఇక మిగతావాళ్ళు కూడా నా గుమ్మం తొక్కరు. ఏం చేయాలో చెప్పు.

నీ అక్క

జూన్ 21

అక్కకి,

నాకు ఇప్పుడు అర్థమైంది. కళ్ళ సంగతి కాదు, తెర మీద అక్షరాలే నీకు చిన్నగా కనబడుతున్నాయి. ముందే ఈ ముక్క రాస్తే కళ్ళ డాక్టరు దాకా పంపేవాణ్ణి కాదు.

మానిటర్ మీద ఖాళీ చోట కుడి మీట నొక్కు. డిస్‌ప్లే సెట్టింగ్స్ అని వస్తుంది. అందులో స్కేల్ అనే గడిలో వంద ఉంటుంది. దాన్ని నూట యాభై చెయ్యి. అంతే. అక్షరాలన్నీ ఒక్కసారి ఎదుగుతాయి. ఆ కింద రిజల్యూషన్ అని ఇంకో గడి ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకు. అందులో అంకెలు ఎంత ఉండాలో అంతే ఉన్నాయి.

ఇది మా ఆఫీసులో రోజుకి పదిసార్లు చేస్తాను. ఇంత చిన్నదానికి ఫ్లెక్సీ వాడి చేత మాట పడ్డావు. ధైర్యంగా ఉండు. గ్రంథాలయం బోర్డు నీదే.

బావ నాకు కొలతలు లేకుండా చొక్కా కుట్టి పంపారు. సరిగ్గా సరిపోయింది. ఎలా కుట్టారో అడిగి రాయి, నాకు భయంగా ఉంది.

నీ తమ్ముడు

జూన్ 28

గుండూ,

చొక్కా కొలత నువ్వు మా మంచం మీద పడుకుని నిద్రపోతున్నప్పుడు తీసుకున్నారట. టేపు మెడ చుట్టూ తిప్పినా నువ్వు లేవలేదట.

నువ్వు చెప్పినట్టే నూట యాభై చేశాను. అక్షరాలు ఎదిగాయి. నిజమే. కానీ పైకి ఎదిగాయి. సెలూన్ ఆయనకి బోర్డు రాసి తగిలించాక చూస్తే, ఒక్కో అక్షరం బిగదీసుకుని, భుజాలు ముడుచుకుని, క్యూలో నిలబడ్డట్టుంది. సున్నలు కోడిగుడ్లు నిలబెట్టినట్టున్నాయి. సెలూన్ ఆయన అద్దంలో చూశాడు, బయటికొచ్చి చూశాడు, మళ్ళీ లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని చూశాడు. ఆఖరికి, "ఎవరి చేతనైనా రాయించారా?" అని అడిగాడు.

నీకు తెలుసు కదా, ఊళ్ళో నా అక్షరాలకి ఒక పేరుంది. అందరి అక్షరాలూ నిలబడితే నావి కూర్చుంటాయంటారు. అడ్డంగా, నిండుగా, భోంచేసి అరుగు మీద చేరబడ్డట్టు. 'కూర్చున్న అక్షరాలు కావాలమ్మా' అని అడిగి మరీ రాయించుకుంటారు. కార్యదర్శి కూడా, గ్రంథాలయమంటే కూర్చునే చోటు కాబట్టి కూర్చున్న అక్షరాలే ఉండాలని కమిటీతో వాదించారట. ఇప్పుడు అవి లేచి నిలబడ్డాయి. ఎందుకు లేచాయో నాకు తెలియదు.

తప్పు ఎక్కడుందోనని మొదట్నుంచీ మళ్ళీ చూసుకున్నాను. మాటలు టైపు చేశాను. సైజు గడిలో ఐదేళ్ళుగా వేసే అంకే వేశాను. ట్రేసింగ్ కాగితాన్ని మానిటర్ గాజుకి నాలుగు మూలలా అంటించాను. అక్షరాల అంచులు పెన్సిలుతో దిద్దుకున్నాను. కాగితం మీద గళ్ళు గీసి, అంగుళానికి అడుగు లెక్కన రేకు మీదికి ఎక్కించాను. ఇందులో ఒక్కటీ మారలేదు. మారింది నేనే. అంటే చెయ్యి పోయినట్టే కదా?

కుంచెలన్నీ కడిగి, కట్ట కట్టి, అటక మీద పెట్టించాను. మీ బావే నిచ్చెన ఎక్కి పెట్టారు. ఈ పని నావల్ల కాదని వచ్చే వారం కార్యదర్శికి కబురు పంపిస్తాను.

అక్క

జూలై 2

అక్కా,

కబురు పంపకు. నా మీద ఒట్టు, పంపకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నన్ను ఏం తిట్టాలన్నా తిట్టు.

నువ్వు మానిటర్ మీద కాగితం అంటించి దిద్దుతావని నాకు ఈ ఐదేళ్ళలో తెలియనే లేదు. ప్రింటు తీసుకుంటావనుకున్నాను. నీ ఉత్తరంలో ఆ వాక్యం చదివి కుర్చీలోంచి లేచాను, మళ్ళీ కూర్చున్నాను. పక్కసీటు అతను నీళ్ళు తెచ్చిచ్చాడు.

పోయింది నీ చెయ్యి కాదు, ఊరుకోనిది నా చెయ్యి. మే నెలలో నేను వచ్చినప్పుడు నువ్వు స్నానానికి వెళ్ళావు. నేను మానిటర్ ముందు కూర్చున్నాను. ఆ తెర మొదట్నుంచీ సాగి ఉంది. పాత ల్యాప్‌టాప్‌కీ ఆ మానిటర్‌కీ ఒకే బొమ్మ చూపించేలా పెట్టి ఉండటంతో, ల్యాప్‌టాప్‌కి సరిపోయే చిన్న రిజల్యూషన్‌ని ఆ వెడల్పాటి తెర మొత్తానికీ లాగి పరిచేస్తోంది. అందుకే అన్నీ పెద్దగా, అడ్డంగా ఉండేవి. నాకు జబ్బు ఉందని రాశాను కదా. రెండు నిమిషాల్లో తెరలు విడదీశాను, రిజల్యూషన్ సరైన అంకెకి మార్చాను, పైన తడిగుడ్డతో కూడా తుడిచాను. నువ్వు వచ్చి తల తుడుచుకుంటూ ఏం చేస్తున్నావని అడిగితే, ఏమీ లేదన్నాను. ఆశ్చర్యపోతావని చెప్పలేదు. ఆశ్చర్యం ఇలా ఉంటుందనుకోలేదు.

అప్పట్నుంచి తెర మీద అక్షరం చిన్నదైంది, సన్నబడింది. నీ పెన్సిలు ఉన్నది ఉన్నట్టు దిద్దింది. ఆ తర్వాత నేను స్కేల్ పెంచమని చెబితే ఎత్తు పాతంతకి వచ్చింది, వెడల్పు మాత్రం రాలేదు. నిన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది కూడా నేనే. సిగ్గుగా ఉంది.

వెనక్కి పెట్టడం తేలిక. స్కేల్ మళ్ళీ వంద చెయ్యి. అదే పేజీలో రెండు తెరల్లోనూ ఒకే బొమ్మ అనే వరస ఎంచుకుని, రిజల్యూషన్ గడిలో వెయ్యిన్నీ ఇరవై నాలుగు, ఏడువందల అరవై ఎనిమిది అని ఉన్నదాన్ని నొక్కు. ఐదేళ్ళ కిందటి తెర మళ్ళీ వస్తుంది. బోర్డు రాసెయ్.

తమ్ముడు

జూలై 7

గుండూ,

ఉత్తరం అందింది. మీ బావకి చదివి వినిపించాను. తడిగుడ్డతో తుడిచాడా లేదా, అదొక్కటి చెప్పు అన్నారు. తుడిచాడన్నాను. చూశావా అన్నారు.

నువ్వు చెప్పినట్టు నొక్కాను. తెర సాగింది. అక్షరాలు కూర్చున్నాయి. ఐదు నిమిషాలు చూసి ఆపేశాను.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను కానీ తిట్టు రావడం లేదు. నీకు అర్థం కావడం లేదురా. నేను బోర్డులు రాయడం మొదలుపెట్టిన ఈ ఐదేళ్ళలో ఊరంతా మెచ్చుకున్నది నా చేతిని కాదు. మీ ఆఫీసులో పక్కన పడేస్తే నువ్వు నాకు పంపిన ఒక మానిటర్‌ని, అందులో తప్పుగా ఉన్న రెండు అంకెల్ని. పాలబూత్ బోర్డు, మందుల షాపు బోర్డు, బడి గోడ, అన్నీ తప్పు సెట్టింగే. నేను మధ్యలో పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను, అంతే. రెండు అంకెలు మారిస్తే పోయేది నాదెలా అవుతుంది? తెలియనప్పుడు గర్వంగా రాశాను. తెలిశాక ఆ కాగితం అంటించాలంటే చెయ్యి రావడం లేదు.

నువ్వు ఒట్టు పెట్టావని కార్యదర్శికి ఇంకా కబురు పంపలేదు. కుంచెలు మాత్రం అటక మీదే ఉన్నాయి.

అక్క

జూలై 10

అక్కా,

ఈ ఉత్తరం మంచం మీద రాస్తున్నాను, ఎందుకంటే బల్ల మీద నా పెట్టె ఉంది.

ఏ పెట్టె అంటే, నన్ను హాస్టల్లో చేర్చినప్పుడు ఇచ్చిన రేకు పెట్టె. నాకు పదేళ్ళు, నీకు పద్దెనిమిది. పిల్లలు పెట్టెలు మార్చేసుకుంటారని నువ్వు తలుపులకి వేయగా మిగిలిన ఎర్ర రంగుతో మూత మీద రాసిచ్చావు. 'ఈ పెట్టె నాది. ముట్టుకోరాదు.' ఇప్పటికీ అందులో పాత తీగలు, పనికిరాని మౌసులు దాచుకుంటున్నాను. రోజూ చూసే మూతే. నీ ఉత్తరం వచ్చాక మొదటిసారి చదివాను.

అక్కా, అవి కూర్చుని ఉన్నాయి.

నా ఉద్యోగం సంగతి తెలుసు కదా, స్కేలు తెచ్చి కొలిచాను. 'ది' వెడల్పు నాలుగు వంతులు, ఎత్తు మూడు వంతులు. 'ముట్టుకోరాదు' మొత్తం అంతే, 'రా' ఒక్కటే కొంచెం ఎక్కువ చేరబడింది. అప్పటికి మన ఇంట్లో మానిటర్ కాదు కదా, సరైన దీపం కూడా లేదు. నీ చేతిలో ఉన్నది చీపురు పుల్లకి గుడ్డ చుట్టిన కుంచె. అందులో ఏ సెట్టింగు ఉంది?

ఇంకో సంగతి. అంత సాగిన తెర ఎవరి ముందు పెట్టినా మర్నాడే ఫోను చేస్తారు. మా ఆఫీసులో అయితే గంటలో చేస్తారు. మనుషులు అడ్డంగా ఉన్నారు, బంతి గుడ్డులా ఉంది, వచ్చి చూడండి అంటారు. నీకు పంపి ఐదేళ్ళైంది. ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకనలేదో ఆలోచించు. నీ కంటికి అందులో తప్పేమీ కనబడలేదు. అక్షరం అంటే అలాగే ఉండాలని నీ చిన్నప్పట్నుంచీ నీకు తెలుసు. ఆ మానిటర్ నీకు నేర్పింది ఏమీ లేదు, నీ మాట విన్నది, అంతే. సరిగ్గా ఉన్న తెరని సరిచేసిన వెధవని నేనొక్కణ్ణే.

పెట్టె మూత మీద కాగితం వేసి దిద్ది పంపుతున్నాను. దిద్దడం ఎంత కష్టమో తెలిసింది. నా గీతలు వంకరగా ఉంటాయి, నీ అక్షరాల్ని చూడు.

నీ తమ్ముడు

జూలై 25

గుండూ,

నువ్వు పంపిన కాగితం గోడకి అంటించాను. నీ గీతలు వంకర కాదు, వణుకు. అయినా అక్షరాలు కూర్చునే ఉన్నాయి. వాటి ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను, ఎందుకో సరిగ్గా చెప్పలేను, బాగానే అనిపించింది. తర్వాత మీ బావని నిచ్చెన ఎక్కమన్నాను. నేను అడగకముందే ఆయన నిచ్చెన గోడకి ఆనించి ఉంచారు.

నమూనా కంప్యూటర్ తెరవకుండా రాశాను. కాగితం లేదు, గళ్ళు లేవు. సుద్ద పూసిన దారం ఒకటి కొట్టుకుని, ఆ గీత మీద తిన్నగా కుంచె పెట్టాను. మొదటి అక్షరం నేను రాశాను. రెండోదానికి అక్షరమే చేతిని లాక్కెళ్ళింది. కమిటీ మొత్తం వరసగా నిలబడి చూసింది. ఫ్లెక్సీ చాలన్నాయన వెనక్కి నడుస్తూ, ఇంకా వెనక్కి నడుస్తూ బెంచీ తగిలి దాని మీద కూలబడ్డాడు. కార్యదర్శి ఆయన వైపు చూపించి, "చూశారా, చదివినవాళ్ళు కూర్చుంటున్నారు" అన్నారు. పని నాదే అయింది. నిన్న ఇరవై అడుగులూ పూర్తి చేశాను. రోడ్డవతల నుంచి అద్దాలు తీసి చూశాను. నిండుగా ఉంది. ఒక్క బిస్కెట్టు కూడా వేయలేదు.

సాయంత్రం ఫ్లెక్సీ అతను వచ్చాడు. ఆ అక్షరాలు కంప్యూటర్‌లో ఎలా వస్తాయో చెప్పమని చాలా మర్యాదగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మీ బావ అందుకుని, మానిటర్‌ని తడిగుడ్డతో బాగా తుడవాలని చెప్పారు. అతను ఇవాళ పొద్దున్నుంచి తుడుస్తున్నాడట.

టీ కొట్టు, సైకిల్ షాపు, సెలూన్ బోర్డులు వచ్చే వారం మళ్ళీ రాస్తాను. సైకిల్ షాపు ఆయన తన బొమ్మ మాత్రం తీయొద్దన్నాడు.

తెర సాగదీసే ఉంచాను. అవసరమై కాదు, చూస్తే కంటికి హాయిగా ఉంటుంది. నువ్వు పండక్కో పబ్బానికో అని చూడకుండా ఎప్పుడు వీలైతే అప్పుడు రా. వస్తే నేను స్నానం మానేసి కాపలా ఉండాల్సిన పనిలేకుండా మానిటర్ పైన ఒక చిన్న రేకు ముక్క వేలాడదీశాను. 'ఈ తెర నాది. తమ్ముళ్ళు ముట్టుకోరాదు.'

దేని మీదా దిద్దకుండా, ఒట్టి చేత్తోనే రాశాను. కావాలంటే స్కేలు తెచ్చుకుని కొలుచుకో.

నీ అక్క